రేడియో సెట్టు ఒకసారి కొనండి, హెడ్‌సెట్ మాత్రం మళ్లీ మళ్లీ కొనాల్సిందే

ప్రశ్న: విశాఖపట్నంలో మొదటి అంతస్తు హాల్లో జుంబా, ఏరోబిక్స్ క్లాసులు చెప్తున్నాను. హాలు 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, ముందు గోడంతా అద్దాలు. బ్యాచికి పాతిక మంది, రోజుకి నాలుగు బ్యాచీలు. రెండు వేల లోపు పెట్టి ఆన్‌లైన్‌లో కొన్న హెడ్‌సెట్ మైకు మూడో నెలకే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తోంది. అద్దం వైపు తిరిగితే మాట తెగిపోతోంది. రిసీవరు, ఆంప్లిఫయరు అద్దం పక్కనున్న ఇనుప బీరువాలో ఉంటాయి. పాటలు ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పెడతాను. రాత్రికి గొంతు బొంగురుపోతోంది. పాతిక వేల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు? రీల్స్ కోసం కొన్న చిన్న క్లిప్ మైకు ఒకటుంది, దాంతో సర్దుకోవచ్చా?
— ఒక ఫిట్‌నెస్ ట్రైనర్

జవాబు: మీ ఉత్తరంలో మూడు జబ్బులున్నాయి. మూడూ ఒకే మైకులో కనబడుతున్నాయి కాబట్టి మైకు మారిస్తే మూడూ పోతాయనిపిస్తుంది. పోవు. పాతిక వేల సెట్టు తెచ్చి అదే బీరువాలో పెడితే అద్దం వైపు తిరగ్గానే అదీ తెగుతుంది. అందుకని ముందు వీటిని విడదీసుకుందాం, కొనడం సంగతి తరవాత.

దుప్పటి కప్పినట్టు వినబడటం చెమట పని. హెడ్‌సెట్ కొసన బఠాణీ గింజంత క్యాప్సూల్ ఉంటుంది, దానికో చిన్న రంధ్రం, లోపల వెంట్రుక కన్నా పల్చటి పొర. కణత మీంచి జారిన చెమట బొట్టు మైకు కాడ వెంబడే ప్రయాణం చేసి సరిగ్గా ఆ రంధ్రం మీద ఆగుతుంది. అప్పుడు ముందుగా మాయమయ్యేవి ‘స’, ‘శ’, ‘చ’ లాంటి అక్షరాలు. మీరు ‘స్క్వాట్’ అంటే వెనక వరసకి ‘క్వాట్’ అనే వినబడుతుంది. బొట్టు ఆరిపోయినా ఉప్పు మిగులుతుంది, రోజూ కాస్త పేరుకుంటుంది. నిర్ధారణ సులువే: స్పాంజి తొడుగు తీసేసి, హెడ్‌సెట్‌ని మూత గట్టిగా పట్టే డబ్బాలో నాలుగైదు సిలికా జెల్ పొట్లాలతో రాత్రంతా ఉంచండి. పొద్దున్న గొంతు తేటగా వచ్చి, క్లాసు మొదలైన ఇరవై నిమిషాలకి మళ్లీ మూసుకుపోతే తడి ఒక్కటే సమస్య, ఆ హెడ్‌సెట్ ఇంకొన్నాళ్లు లాగుతుంది. ఆరబెట్టినా తేలకపోతే దాని ఆయుష్షు అయిపోయినట్టే.

మెడ తిప్పినప్పుడల్లా కరకరమంటే అది వేరే సంగతి, వైరు లోపల తెగింది. వైరు తెగేది చాలావరకు రెండు చోట్ల: నడుం పెట్టెలోకి (నడుముకి తగిలించుకునే ట్రాన్స్‌మిటర్) వెళ్లే పిన్ను మొదట్లో, చెవి వెనక కాడ నుంచి వైరు బయటికొచ్చే మలుపులో. స్పీకరు ఆన్‌లో ఉంచి ఆ రెండు చోట్లా వేళ్లతో అటూ ఇటూ వంచి చూస్తే ఎక్కడో తెలిసిపోతుంది.

ఇక మాట తెగడం. మీరు అద్దం వైపు తిరిగినప్పుడు నడుం వెనకున్న పెట్టె క్లాసు వైపుంటుంది, రిసీవరు మీ ఎదుట ఉంటుంది. మధ్యలో మీ ఒళ్లు. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లే కాబట్టి రేడియో తరంగాల్ని, ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని, బాగా మింగేస్తుంది. దానికి తోడు ఇనుప బీరువా. మీరు చవగ్గా కొన్నది చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రకమే అయ్యుంటుంది, డబ్బా మీద చూడండి. వైఫై ఆ బాటలోనే నడుస్తుంది, మీరు పాటలు పెట్టే బ్లూటూత్ కూడా ఆ బాటలోనే. పాతిక మంది సంచుల్లో పాతిక ఫోన్లు. అంటే మీ మైకు సంతలో నిలబడి గుసగుసలాడుతోంది.

అద్దం సంగతి కూడా చెప్పుకోవాలి. అద్దం వెనక పూసేది లోహపు పూత, అది రేడియోకి గోడలాంటిది. అద్దం వెనక అరలో రిసీవరు దాచడం ఇంటీరియర్ వాళ్లకి ముచ్చటేమో గానీ మైకుకి శిక్ష. కాబట్టి కొత్తది కొనకముందే ఇది చేయండి: రిసీవర్ని బీరువాలోంచి తీసి, పక్క గోడ మధ్యలో, తల కన్నా ఎత్తున, ఆరేడు అడుగుల మీద చిన్న స్టాండు కొట్టించి పెట్టండి. వైఫై పెట్టెకి కనీసం ఆరడుగులు దూరం ఉండాలి. రెండు యాంటెన్నాలుంటే ‘వి’ ఆకారంలో విప్పండి. నడుం పెట్టెని వెన్ను మధ్యలో కాకుండా రిసీవరు ఉన్న వైపు తుంటి మీదకి జరపండి. పాటలు బ్లూటూత్ మాని ఆక్స్ వైరుతో పెట్టండి, ఫోనుకి ఆ రంధ్రం లేకపోతే టైప్-సి నుంచి 3.5 మిల్లీమీటర్లకి మార్చే చిన్న ముక్క సరిపోతుంది. వీటితోనే సగం తెగుళ్లు పోవచ్చు.

ఇప్పుడు కొనే సంగతి. హెడ్‌సెట్, నడుం పెట్టె, రిసీవరు మూడూ కలిపి ఒక వస్తువు అనుకోకండి. పెట్టె, రిసీవరు కలిసి రేడియో సెట్టు, జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి ఉంటాయి. హెడ్‌సెట్ బూట్ల లాంటిది, అరుగుతుంది. రోజుకి నాలుగు బ్యాచీలు, విశాఖ ఉక్కపోత, ఏడాది నడిస్తే దాని డబ్బు వసూలైనట్టే. అందుకే హెడ్‌సెట్ వైరు పెట్టెకి శాశ్వతంగా అతికించి ఉండే సెట్లు వద్దేవద్దు. వైరు తెగిన రోజున మొత్తం పారెయ్యాలి. పిన్ను ఊడదీసుకునే రకమే కొనాలి. మీ పాతిక వేలలో పదిహేను, పదహారు వేలు రేడియో సెట్టుకి, ఐదారు వేలు హెడ్‌సెట్‌కి, మిగిలింది రెండో హెడ్‌సెట్, పౌచ్, సెల్స్, ఛార్జరుకి కేటాయించుకోండి. రెండో హెడ్‌సెట్ చవకదైనా పరవాలేదు గానీ, లేకుండా ఉండకూడదు. తెగేది ఎప్పుడూ సాయంత్రం బ్యాచి మధ్యలోనే.

ఊడదీసే పిన్నులోనూ ఒక మెలిక ఉంది. ఒక్కో మైకు కంపెనీది ఒక్కో రకం పిన్ను: షూర్ పెట్టెలకి నాలుగు పిన్నుల మినీ ఎక్స్ఎల్ఆర్, ఏకేజీకి మూడు పిన్నులది, సెన్‌హైజర్‌కి మర తిప్పి బిగించే 3.5 మిల్లీమీటర్ల జాక్, ఆడియో-టెక్నికాలో చాలావాటికి హిరోసే అనే నాలుగు పిన్నులది. చూడటానికి ఒకేలా ఉండి లోపల వైర్లు వేరేగా కలిపినవీ మార్కెట్లో దొరుకుతాయి. అలాంటిది పెడితే మాట రాదు, వచ్చినా పీలగా, గరగరమంటూ వస్తుంది. కాబట్టి దుకాణంలో ‘హెడ్‌సెట్ ఇవ్వండి’ అనకండి, పెట్టె మోడల్ పేరు చెప్పి ‘దీనికి సరిపోయే హెడ్‌సెట్’ అనండి, అక్కడే పెట్టి మాట్లాడి చూడండి.

రేడియో సెట్టులో మా ఓటు యూహెచ్ఎఫ్‌కే, అంటే కొన్ని వందల మెగాహెర్ట్జ్‌లో నడిచే రకానికే. అందులోనూ ఏ మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుందో అడక్కుండా కొనొద్దు. 700 బ్యాండు, అంటే 703 నుంచి 803 మెగాహెర్ట్జ్ మధ్యది, ఇప్పుడు మొబైల్ కంపెనీల సొత్తు. 2022 వేలంలో జియో దేశంలోని అన్ని టెలికాం సర్కిళ్లలో అందులో స్పెక్ట్రమ్ కొని 5జీకి వాడుతోంది. ఆ బ్యాండులో 703-748 ఫోన్లు మాట్లాడే వైపు, 758-803 టవర్లు మాట్లాడే వైపు. ఆ మధ్యలో పనిచేసే పాత మైకు సెట్లు సెకండ్‌హ్యాండులో చవగ్గా దొరుకుతాయి, కొన్ని చవక చైనా సెట్లూ అక్కడే ఉంటాయి. బ్రాండు మంచిదే కావచ్చు, మీ ఎదురుగా పాతిక ఫోన్లున్న హాల్లో మాత్రం అది నిలవదు. సెకండ్‌హ్యాండు సెట్టు ఎంత చవకగా వచ్చినా ముందు ఆ అంకె చూడండి. మన దేశంలో లైసెన్సు గొడవ లేకుండా తక్కువ పవరుతో వాడుకోవడానికి వదిలినవి 865-868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ లాంటివి. 865-868లో పనిచేసే సెట్టు దొరికితే అది మీకు అన్ని రకాలా హాయి.

2.4 గిగాహెర్ట్జ్ పూర్తిగా పనికిరాదని కాదు. పేరున్న కంపెనీల డిజిటల్ సెట్లు ఖాళీ ఉన్న చోటికి వాటంతటవే జరుగుతూ నిలబడతాయి. కానీ హాలు చుట్టూ అపార్ట్‌మెంట్లుంటే ప్రతి ఇంట్లో వైఫై ఉంటుంది, కాబట్టి మీకది రెండో ఎంపిక. బ్లూటూత్ హెడ్‌సెట్ మాత్రం ఎవరు చెప్పినా కొనొద్దు. మీ మాట స్పీకర్లోంచి సెకనులో పదో వంతు పైన ఆలస్యంగా వస్తుంది. ‘ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్’ అని మీరు లెక్కపెట్టేది ఒకచోట, క్లాసుకి వినబడేది ఇంకోచోట.

రిసీవరు మీద రెండు యాంటెన్నాలున్నంత మాత్రాన రెండూ పని చేస్తున్నట్టు కాదు. ట్రూ డైవర్సిటీ అంటే లోపల రెండు రిసీవర్లుండి, ఏ యాంటెన్నాకి బాగా అందితే దాన్ని అందుకోవడం. ఆ మాట డబ్బా మీదో స్పెసిఫికేషన్లోనో ఉండాలి. కొన్ని చవక సెట్లలో రెండో యాంటెన్నా ఉత్త అలంకారం.

హెడ్‌సెట్ ఎంపికలో మొదటి ప్రశ్న, అన్ని వైపులా వినేదా, ఒక వైపే వినేదా. మొదటిదాన్ని ఓమ్ని అంటారు, రెండోదాన్ని కార్డియాయిడ్. ఓమ్నికి ఒకటే రంధ్రం, కాస్త అటూ ఇటూ జరిగినా గొంతు మారదు, చెమటని కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. కార్డియాయిడ్‌కి ముందూ వెనకా రంధ్రాలుంటాయి, వెనక నుంచి వచ్చే స్పీకరు మోతని తగ్గిస్తుంది, కానీ అర అంగుళం జరిగినా గొంతు పల్చబడుతుంది. మీ హాలు అద్దాలు, బోడి గోడలు, పైగా గట్టి పాట. మీకు కార్డియాయిడే నయం, దాన్ని కదలకుండా కట్టుకోగలిగితే. కార్డియాయిడ్ కొన్నాక చాలామంది చేసే పొరపాటు, మెష్ (సన్నటి జాలీ) వైపు బయటికి తిప్పి పెట్టుకోవడం. మెష్ ఉన్న వైపు, లేదా చుక్క గుర్తున్న వైపు, పెదాల మూలకి ఎదురుగా ఉండాలి. యోగా, పిలాటిస్ లాంటి నెమ్మది క్లాసులు చెప్పేవాళ్లు, పాట చిన్నగా ఉంటుంది కాబట్టి, ఓమ్ని తీసుకోవచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడు పెట్టె వెన్నుకి గుచ్చుకోకుండా జబ్బకి కట్టే పట్టీ మాత్రం వాళ్లు విడిగా కొనుక్కోవాలి.

ఫిట్‌నెస్ కోసమనే చేసిన హెడ్‌సెట్లున్నాయి. షూర్ వాళ్ల ఎస్ఎం31ఎఫ్‌హెచ్ కార్డియాయిడ్ రకం, తడి లోపలికి పోకుండా తయారుచేసింది. ఆస్ట్రేలియా కంపెనీ ఫిట్‌నెస్ ఆడియో వాళ్లు ఏరోమైక్, సైకిల్‌మైక్ అని జిమ్ములకే చేస్తారు. సామ్సన్ ఎయిర్‌లైన్ వరసలో పెట్టే లేకుండా ట్రాన్స్‌మిటర్ తల పట్టీ మీదే ఉండే రకం ఉంది. వైరే లేదు కాబట్టి తెగేదీ లేదు, నడుం మీద బరువూ లేదు. కానీ దాని బ్యాటరీ లోపలే ఉంటుంది, అది ముసలిదైన రోజున మొత్తం మార్చాలి. ఇవన్నీ మీ బడ్జెట్లో పడతాయని కాదు, చూడాల్సిన లక్షణాలు ఇవీ అని. తలకి రెండు చెవుల మీదుగా పట్టే రకమే తీసుకోండి. ఒక చెవికి తగిలించేది స్టేజీ మీద అందంగా ఉంటుంది, బర్పీ కొట్టేసరికి గడ్డం కిందకి చేరుతుంది.

ఐపీఎక్స్4 అని రాసుంటే చిందిన నీళ్లని తట్టుకుంటుందని అర్థం. అది హెడ్‌సెట్‌కా, పెట్టెకా అన్నది అడగండి. చాలాసార్లు ఒకదానికే ఉంటుంది.

పెట్టుకునే తీరు ఖరీదు కన్నా ముఖ్యం. క్యాప్సూల్ నోటికి ఎదురుగా కాదు, పెదాల మూల దగ్గర, చర్మానికి తగలకుండా, రెండు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నోటి ముందుకి తెస్తే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా ఢబ్‌మంటుంది, పరిగెత్తాక ఆయాసమంతా స్పీకర్లో వినిపిస్తుంది. దూరంగా పెడితే గెయిన్, అంటే మైకు అందుకున్న మాటని పెద్దది చేసే మోతాదు, పెంచాలి, పెంచితే స్పీకర్లో కూత. కాడ జారకుండా చెవి ముందు చెంప మీద అంగుళం ముక్క మెడికల్ టేపు అంటించండి, ట్రాన్స్‌పోర్ రకం చెమటకి నిలుస్తుంది. తలనూనె, బాడీ స్ప్రే మైకు పెట్టుకోకముందే అవ్వాలి, ఆ జిడ్డు క్యాప్సూల్‌కి ఉప్పుకి తోబుట్టువు.

చెమట బొట్టు కాడ వెంబడి వస్తుందన్నాం కదా, దాన్ని దారిలోనే ఆపొచ్చు. క్యాప్సూల్‌కి అంగుళం వెనక, కాడ చుట్టూ సన్నటి నూలు దారం ఏడెనిమిది చుట్లు చుట్టి ముడెయ్యండి, చిన్న ఉంగరంలా లేవాలి. బొట్టు అక్కడికొచ్చి దారంలో ఇంకి, ఎక్కువైతే అక్కణ్నుంచే కింద రాలుతుంది. రోజూ దారం మార్చండి. నాటకాల వాళ్లు ఎప్పట్నుంచో వాడే చిట్కా ఇది. రూపాయి ఖర్చు లేదు.

పెట్టెని నడుముకి తలకిందులుగా, అంటే పిన్ను, యాంటెన్నా నేల వైపు ఉండేట్టు పౌచ్‌లో పెట్టండి. వైరు మెడ మీంచి దిగి, పెట్టె కన్నా కిందకి వంపు తిరిగి, పైకి లేచి పిన్నులోకి వెళ్తుంది. వైరు వెంబడి జారే చెమట ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పిన్ను పైకి ఉంటే ఆ చెమటంతా సరాసరి లోపలికే. పౌచ్ నియోప్రీన్ గుడ్డది అయితే మేలు. యాంటెన్నాని మడిచి చర్మానికి నొక్కి పెట్టకండి, వేలాడనివ్వండి.

సెల్స్ విషయం క్లుప్తంగా. రెండు ఏఏ సైజు పెన్సిల్ సెల్స్ వేసే పెట్టె తీసుకోండి, 9 వోల్టుల చదరపు సెల్ వేసేది వద్దు. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జ్ సెల్స్ నాలుగు కొని, రెండు వాడుతుంటే రెండు ఛార్జింగులో ఉంచండి. రాత్రి పెట్టెలోంచి సెల్స్ తీసెయ్యండి.

సౌండు సరిచేసే క్రమం ఇదీ. క్లాసు లేనప్పుడు మైకు పెట్టుకుని, ఉన్నచోటే జాగింగ్ చేస్తూ, క్లాసులో ఎంత గట్టిగా అరుస్తారో అంతే అరవండి. మామూలు గొంతుతో ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటే ఆ సెట్టింగు క్లాసులో పనికిరాదు. రిసీవరు మీద ఎర్ర లైటు అప్పుడప్పుడు రెప్పపాటు వెలగొచ్చు, వెలిగి ఉండిపోతే పెట్టె లోపలి గెయిన్ తగ్గించండి. రిసీవరు నుంచి వచ్చేది మైక్ లెవెలా (బలహీనమైన సిగ్నల్), లైన్ లెవెలా (బలమైన సిగ్నల్) చూసుకుని మిక్సర్లోనో ఆంప్లిఫయర్లోనో దానికి తగ్గ చోటే గుచ్చండి. లైన్ తీసుకెళ్లి మైక్ రంధ్రంలో పెడితే మాట పగిలిపోతుంది, అందరూ మైకుని తిడతారు. మిక్సర్లో లో-కట్ (లోతు మోతల్ని కోసేసే) బటనుంటే నొక్కి ఉంచండి, గెంతుల ధబధబలు, ఆయాసం కొంత పోతాయి. కూత వస్తుంటే ముందు స్పీకర్లు ఎక్కడున్నాయో చూడండి. సరిగ్గా మీ వెనకో నెత్తినో ఉంటే ఏ మైకూ కుదరదు. అద్దం గోడ రెండు మూలల్లో ఏడడుగుల ఎత్తున, క్లాసు వైపు కొంచెం కిందకి వంచి ఉండాలి, మీరు వాటి ఎదురుకి పోకూడదు. వెనక గోడకి మందపాటి కర్టెన్ వేయిస్తే మార్పు మొదటి రోజే తెలుస్తుంది.

ఇక గొంతు. మైకు ఉన్నా గొంతు పోతోందంటే, మీరు మైకులో మాట్లాడటం లేదు, మైకు పెట్టుకుని పాట మీద అరుస్తున్నారు. మైకు పెంచకండి, పాట తగ్గించండి. పాట మీద మాట ఒక మెట్టు పైన ఉండాలి. మాట వచ్చినప్పుడు పాట దానంతటదే తగ్గే టాక్ ఓవర్ ఉన్న మిక్సరైతే ఇంకా సుఖం. చెవుల లెక్క కూడా చూసుకోండి: అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంటే. నాలుగు బ్యాచీలంటే మీరు 88 దాటకూడదు. ఫోన్లో సౌండ్ మీటర్ ఆప్ పెట్టి సుమారుగానైనా చూసుకోండి. బొంగురు మూడు వారాలు దాటి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి, గొంతు తంతుల మీద బుడిపెలు గొంతుతో బతికేవాళ్లకి కొత్తేం కాదు.

క్లాసయ్యాక స్పాంజి తీసి సబ్బు నీళ్లతో కడిగి పిండి ఆరేయండి, నాలుగైదు స్పాంజిలు ఉంచుకుంటే బ్యాచికొకటి. ఇంకో ట్రైనర్ అదే మైకు వాడితే వాళ్ల స్పాంజి వాళ్లదే. కాడని పొడి గుడ్డతో తుడవండి, క్యాప్సూల్ మీద స్పిరిట్ వద్దు. మైకు కొస కిందకి ఉండేట్టు మేకుకి తగిలించండి, తడి బయటికే జారుతుంది. ఆరాక డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. తడి మైకుని జిప్ సంచిలో కుక్కడం, వైరుని పెట్టె చుట్టూ బిగించి చుట్టడం, హెయిర్ డ్రయ్యర్ వేడి కొట్టడం, ఈ మూడూ మైకుని చంపే పనులు. వైరుని అరచేయంత చుట్లుగా వదులుగా చుట్టాలి.

క్లిప్ మైకు సంగతి చివర్న అడిగారు. అది ఫోన్లో రికార్డు చేసుకోవడానికి చేసింది, స్పీకర్ల కోసం కాదు. ఛాతీ మీద పెడితే నోటికి 20 సెంటీమీటర్ల దూరం, హెడ్‌సెట్‌కి రెండు. పదింతల దూరం అంటే 20 డెసిబెల్స్ తక్కువ మాట అందుతుంది, ఆ లోటు గెయిన్‌తో పూడిస్తే మొదటి పాటకే కుయ్‌మంటుంది. రీల్స్‌కే ఉంచుకోండి. మిక్సరు రికార్డింగ్ అవుట్ నుంచి ఆ క్లిప్ మైకు ట్రాన్స్‌మిటర్ ఆక్స్ రంధ్రంలోకి ఒక వైరు వేస్తే, మీ మాటా పాటా రెండూ శుభ్రంగా వీడియోలోకి వస్తాయి. ఆ రంధ్రం మీ మోడల్‌కి ఉందో లేదో చూసుకుని వైరు కొనండి, మిక్సరు వాల్యూము తక్కువతో మొదలుపెట్టండి.